అంకె పాసైంది, బెరడు ఫెయిలైంది: హువాంగ్‌బాయ్ పొడి మీద ఒక కేస్ స్టడీ

శాంపిల్‌తో పాటు వచ్చిన టెస్ట్ రిక్వెస్ట్ ఫారంలో ఒక్క గడికే టిక్ పెట్టారు: బెర్బెరిన్ అస్సే, హెచ్‌పీఎల్‌సీ పద్ధతిలో. అంటే సరుకులోని బెర్బెరిన్ అనే చేదు, పసుపు పదార్థం ఎంత శాతం ఉందో, పదార్థాలను ద్రవంలో విడదీసి కొలిచే యంత్రంతో చూడాలి. డబ్బాలో అరకిలో పసుపచ్చని పొడి. పక్కన చిన్న కవర్లో అదే లాట్‌వి (ఒకే విడత సరుకువి) అంటూ పంపిన బెరడు ముక్కలు కొన్ని. లేబుల్ మీద 'చువాన్ హువాంగ్‌బాయ్, ఫెల్లోడెండ్రాన్ చైనెన్స్ బెరడు పొడి' అని ఉంది. అమ్మినవాళ్లు ఇచ్చిన నాణ్యతా పత్రంలో (సీఓఏ) బెర్బెరిన్ 3.4 శాతం. మాకు సగటున 3.3 వచ్చింది. చైనా ఫార్మకోపియా, అంటే మందుల అధికారిక ప్రమాణ గ్రంథం, ఈ బెరడుకు పెట్టిన కనీస హద్దు 3.0 శాతం. కాగితం ప్రకారం పాసే.

నేను హైదరాబాద్‌లో ఒక కాంట్రాక్ట్ టెస్టింగ్ ల్యాబ్‌లో మూలికల విభాగం చూస్తాను. క్లయింట్ ఫుడ్ సప్లిమెంట్ క్యాప్సూళ్లు తయారుచేసి విదేశాలకు పంపే సంస్థ. సరుకు చైనా నుంచి మధ్యవర్తి ద్వారా తెప్పించుకున్నారు. ఎవరన్నది తెలియకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను. పరీక్షల వరస, తర్కం మాత్రం జరిగింది జరిగినట్టే.

సగటు పాసైనా నన్ను ఆపింది విడివిడి రీడింగులు. డబ్బా పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి తీసిన పొడిలో బెర్బెరిన్ 2.8 దగ్గర మొదలై 3.8 దాకా వెళ్లింది. ఒకే బెరడును మెత్తగా దంచి కలిపిన పొడి ఇంతగా ఊగదు. ఇంజెక్షన్ తప్పా, తూకం తప్పా అని మా అనలిస్ట్ మళ్లీ చేశాడు. పరికరం సరిగ్గా పనిచేస్తోందా అని చూసే సిస్టమ్ సూటబిలిటీ పరీక్ష చక్కగా ఉంది, స్టాండర్డ్ పీక్ కదలలేదు. ఊగుతున్నది పరికరం కాదు, పొడే.

చెట్టు గురించి కొంచెం

హువాంగ్‌బాయ్ అంటే చైనా సంప్రదాయ వైద్యంలో వాడే ఒక పరమ చేదు బెరడు. నిమ్మ, మారేడు, కరివేపాకు ఉన్న రూటేసీ కుటుంబానికి చెందిన చెట్టు ఇది. రెండు జాతుల నుంచి ఈ బెరడు వస్తుంది. ఒకటి ఫెల్లోడెండ్రాన్ చైనెన్స్. సిచువాన్, హూబే, గుయిజౌ ప్రాంతాలది, వ్యాపారంలో చువాన్ హువాంగ్‌బాయ్ అంటారు. రెండోది ఫెల్లోడెండ్రాన్ అమ్యూరెన్స్. ఈశాన్య చైనాలో, రష్యా తూర్పు కొసన, కొరియాలో, జపాన్‌లో పెరుగుతుంది. అక్కడి సరుకు గువాన్ హువాంగ్‌బాయ్. దీనికి పైన మందపాటి బెండు ఉంటుంది, గోటితో నొక్కితే దిగబడుతుంది.

వాళ్ల వైద్య లెక్కలో ఇది ఒంట్లో వేడినీ చెమ్మనూ దించే మందు. ముఖ్యంగా నడుము కింది భాగానికి: మూత్రంలో మంట, విరేచనాలు, కాళ్ల వాపు, రసికారే గజ్జి లాంటివాటికి. 14వ శతాబ్దపు వైద్యుడు జూ దాన్‌షీ పేరు మీద చెప్పుకునే అర్‌మ్యావ్ సాన్ చూర్ణంలో ఉండేవి రెండే సరుకులు, ఈ బెరడు, త్సాంగ్‌జూ దుంప. బెరడు మోతాదు ఫార్మకోపియాలో రోజుకు 3 నుంచి 12 గ్రాములు, అదీ కషాయానికి. జపాన్‌లో దీన్ని ఓబాకు అంటారు. యోషినో కొండల్లో యాత్రికులు కడుపునొప్పికి కొనుక్కునే దరానిసుకె అనే నల్లటి చేదు మాత్రలకు అసలు సరుకు ఇదే.

వైద్యం కాని వాడుక కూడా ఒకటుంది, నాకు ఇష్టమైనది. ఈ బెరడు రసంతో కాగితానికి పసుపు రంగు వేసేవారు, పురుగు పట్టకుండా. దున్‌హువాంగ్ గుహల్లో దొరికి, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న 868 నాటి వజ్రచ్ఛేదిక సూత్రం అనే బౌద్ధ గ్రంథపు ముద్రిత ప్రతి కాగితం ఆ రంగుదే. ఆ రంగూ, చేదులో పెద్ద వాటా కూడా బెర్బెరిన్‌దే.

ఇక కేసుకు కావలసిన సంగతి. 2005 వరకు చైనా ఫార్మకోపియా రెండు జాతులనూ ఒకే పేరు కింద ఉంచింది. ఆ ఏడాది సంచికలో వాటిని రెండు వేర్వేరు మందులుగా విడదీసింది. చువాన్ రకానికి బెర్బెరిన్ హైడ్రోక్లోరైడ్ లెక్కన 3.0 శాతం తగ్గకూడదు, ఇప్పటి సంచికల్లో ఫెల్లోడెండ్రిన్ (ఈ బెరడులోని మరో ఆల్కలాయిడ్, అంటే మొక్క తయారుచేసే నత్రజని ఉన్న పదార్థం; బెర్బెరిన్ కూడా అలాంటిదే) 0.34 శాతం తగ్గకూడదన్నది కూడా ఉంది. గువాన్ రకానికి బెర్బెరిన్ 0.60 చాలు, పాల్మటిన్ అనే ఇంకో ఆల్కలాయిడ్ 0.30 ఉండాలి. జపాన్ ఫార్మకోపియా రెండు జాతులనూ ఇప్పటికీ కలిపే ఉంచి 1.2 శాతం అడుగుతుంది. అంటే ఒకే బెరడు తోక్యోలో పాసై బీజింగ్‌లో ఒక పేరుతో ఫెయిలై, మరో పేరుతో పాసవ్వొచ్చు. అందుకే 'బెర్బెరిన్ ఎంత?' అన్న ప్రశ్నకు ముందు 'ఏ చెట్టు?' అన్న ప్రశ్న రావాలి. ఫారంలో ఆ గడికి టిక్ లేదు.

ముక్కలు

కవర్లోని ముక్కలు బల్లమీద పరిచాను. మా జూనియర్ అనలిస్ట్ వచ్చి, "సార్, అస్సే అయిపోయింది కదా, ముక్కలెందుకు?" అన్నాడు. కూర్చోబెట్టి చూపించాను. మందం మూడు మిల్లీమీటర్ల దాకా. పైభాగం పచ్చదనం కలిసిన పసుపు, కొన్నిచోట్ల తీయగా మిగిలిపోయిన బూడిదరంగు బెండు, నొక్కితే స్పాంజిలా మెత్తగా. విరిస్తే నారలు పొరలుపొరలుగా విడిపోయాయి, విరిగిన చోట నిమ్మపండు పసుపు. చువాన్ రకమైతే పైన గోధుమరంగు కలిసిన పసుపు, లోపలివైపు ముదురు పసుపు, సన్నని నిలువు గీతలు, విరిచిన చోట చిక్కటి పసుపు కనిపించాలి.

తర్వాత రుచి. చిటికెడంత ముక్క నమిలి ఉమ్మేయడం ఇప్పటికీ మూలికల గుర్తింపులో భాగమే, సిగ్గుపడాల్సిన పనేం కాదు. చేదు నాలుకకు పట్టేసింది, నమిలేకొద్దీ నోట్లో జిగురు సాగింది. ఆ జిగురు ఫెల్లోడెండ్రాన్ బెరడు లక్షణం. పొడిని కూడా అలాగే చూస్తే జిగురు ఉంది, కానీ చేదు చాలా త్వరగా, పదునుగా తగిలింది. బెరడులోని చేదుకు లాలాజలంలో నాని బయటికి రావడానికి కొంత సమయం పడుతుంది. నాలుక మీద తోచిన దాన్ని రిపోర్టులో రాయలేం. తర్వాత ఏం చూడాలో మాత్రం అది చెప్పింది.

ముక్కలు గువాన్ రకమని నాకు దాదాపు నిశ్చయమే. అయితే అంతమాత్రాన పొడి కూడా అదేనని చెప్పలేం. మధ్యవర్తులు నమూనాగా చూపించేది ఒకటి, డ్రమ్ములో నింపేది మరొకటి కావడం ఈ వ్యాపారంలో కొత్త కాదు. పొడి సంగతి పొడితోనే తేల్చాలి.

మొదటి అనుమానం: మానుపసుపు

మన వైపు ఎవరికైనా ముందు తోచేది ఇదే. బెర్బెరిన్ పసుపు, చేదు, కట్టె పొడి అనగానే ఆయుర్వేద దుకాణంలోని మానుపసుపు గుర్తొస్తుంది. ఆ పేరుతో మన బజార్లో రెండు వేరువేరు మొక్కలు నడుస్తాయి. హిమాలయాల్లో పెరిగే బెర్బెరిస్ అరిస్టాటా అనే ముళ్ల పొద ఒకటి, పడమటి కనుమల్లోనూ శ్రీలంకలోనూ చెట్లమీదికి పాకే కాసినియం ఫెనెస్ట్రేటమ్ అనే లావుపాటి తీగ మరొకటి. రెండింటిలోనూ బెర్బెరిన్ దండిగా ఉంటుంది. కాసినియం అడవుల్లో బాగా తగ్గిపోయి, మన ఎర్రచందనంతో పాటు ఎగుమతి నిషేధ జాబితాలోకి ఎక్కింది. బెర్బెరిన్ శాతం ఒక్కటే చూసే కొనుగోలుదారుకు వీటిలో దేని పొడి పెట్టినా అస్సే పాసవ్వొచ్చు.

ఈ అనుమానాన్ని మైక్రోస్కోప్ త్వరగానే తీర్చింది. మానుపసుపుగా అమ్మేది కాండం, అంటే కట్టె. కట్టెలో నీళ్లు మోసే దారునాళాలు ఉంటాయి, పొడి చేసినా గోడలమీద గుంటలున్న వాటి ముక్కలు స్లైడ్ నిండా కనిపిస్తాయి. బెరడులో అవి ఉండవు. మా స్లైడ్లలో అక్కడొకటి ఇక్కడొకటి తప్ప కనిపించలేదు. బెరడు ఒలిచేటప్పుడు లోపలివైపు కాస్త కట్టె అంటుకుని రావడం మామూలే కాబట్టి దాన్ని పట్టించుకోలేదు. దీనికి బదులు ఫెల్లోడెండ్రాన్‌కు ఉండాల్సినవన్నీ ఉన్నాయి: ప్రకాశవంతమైన పసుపు నారల కట్టలు, వాటిని ఆనుకుని వరసగా కాల్షియం ఆక్సలేట్ స్పటికాలు పొదిగిన కణాలు, కొమ్మలు చీలి మొనదేరిన పసుపు రాతికణాలు, ఉబ్బిన జిగురు కణాలు. పొడి ఫెల్లోడెండ్రాన్ బెరడే. ఇక్కడిదాకా అమ్మినవాళ్లు అబద్ధమాడలేదు.

క్లోరల్ హైడ్రేట్ లేకుండా

మూలికల పొడిని చూడాలంటే అందరం అలవాటుగా క్లోరల్ హైడ్రేట్ అనే శుభ్రపరిచే ద్రావణం వేసి స్లైడ్‌ను వేడిచేస్తాం. పిండిపదార్థం, రంగులు కరిగిపోయి కణాల గోడలు శుభ్రంగా కనిపిస్తాయి. శుభ్రపడేవాటిలో సాక్ష్యం కూడా ఉండొచ్చు. బెర్బెరిన్ ఉప్పు చల్లటి నీళ్లలో కొంచెమే కరుగుతుంది కానీ వేడి తగిలితే తేలిగ్గా కరిగిపోతుంది. అందుకే ఇలాంటి కేసుల్లో ఒక స్లైడ్‌ను లిక్విడ్ పారాఫిన్‌లో, వేడి చేయకుండా వేస్తాను.

ఆ స్లైడ్‌లో కనిపించింది: కణాలతో సంబంధం లేకుండా, విడిగా, సన్నని పసుపు సూదులు. కొన్ని గుత్తులుగా, కొన్ని విరిగి. ధ్రువిత కాంతిలో స్ఫటికాల్లా మెరిశాయి. ఎండిన బెరడులో బెర్బెరిన్ కణాల లోపల పరుచుకుని ఉంటుంది, ఇలా బయట స్వచ్ఛమైన సూదులుగా పేరుకోదు. పక్కనే మేం మా రిఫరెన్స్ గువాన్ బెరడును (అసలైనదని ముందే తేల్చుకున్న నమూనాను) దంచి అదే పద్ధతిలో స్లైడ్ వేశాం. అందులో సూదులు లేవు.

కొంతమంది నైట్రిక్ యాసిడ్ చుక్క వేసి పసుపు సూదులు వచ్చాయా అని చూస్తారు, పాత పుస్తకాల పద్ధతి. బెర్బెరిన్ ఉందో లేదో తేల్చడానికి అది మంచిదే. కానీ బెరడులోని బెర్బెరిన్, బయటి నుంచి కలిపిన బెర్బెరిన్ రెండూ అక్కడ ఒకేలా సూదులు కడతాయి. ఈ కేసుకు అది పనికిరాదు.

ప్లేటూ పీకులూ

టీఎల్‌సీ ప్లేటు (పలచటి పూత మీద పదార్థాలు విడివిడి మచ్చలుగా పాకే పలక) మీద నాలుగు గీతలు: క్లయింట్ పొడి, కవర్లోని ముక్కలు మేమే దంచిన పొడి, చువాన్ రిఫరెన్స్ బెరడు, గువాన్ రిఫరెన్స్ బెరడు. అమ్మోనియా ఆవిరి నింపిన ట్యాంకులో నడిపాం. అతినీలలోహిత కాంతి కింద బెర్బెరిన్ పసుపుగా ధగధగలాడుతుంది, చూసేవాళ్ల కళ్లన్నీ దానిమీదికే పోతాయి. నాకు కావలసింది మాత్రం ఆ వెలుగులో కనిపించని ఫెల్లోడెండ్రిన్. అది రంగులేనిది, ఆల్కలాయిడ్లకు రంగు తెచ్చే డ్రాగెన్‌డార్ఫ్ రియేజెంట్ చల్లితేనే నారింజ మచ్చగా తేలుతుంది. మొక్కల్లో బెర్బెరిన్ చాలాచోట్ల ఉంటుంది, ఫెల్లోడెండ్రిన్ అలా కాదు. నాలుగు గీతల్లోనూ మచ్చ వచ్చింది. చువాన్ రిఫరెన్స్‌లో చిక్కగా, మిగతా మూడింటిలో పలచగా. బెర్బెరిస్ జాతికి గుర్తయిన బెర్బమిన్ అనే ఆల్కలాయిడ్ ఎక్కడా లేదు.

తర్వాత హెచ్‌పీఎల్‌సీలో మూడు ఆల్కలాయిడ్లను విడివిడిగా లెక్కించాం. ఒక్కోదాన్ని దానికి తగిన కాంతి తరంగదైర్ఘ్యంలో చూశాం: ఫెల్లోడెండ్రిన్‌కు 284 నానోమీటర్లు, బెర్బెరిన్‌కు 265, పాల్మటిన్‌కు 345. యంత్రంలో నడిపే ద్రవంలో సబ్బులాంటి సోడియం డోడెసిల్ సల్ఫేట్ ఉంటుంది కాబట్టి పదార్థాలను విడదీసే గొట్టాన్ని (కాలమ్‌ను) ఆ తర్వాత ఓపిగ్గా కడగాలి, లేకపోతే తర్వాతి శాంపిల్ వాళ్లు మనల్ని తిట్టుకుంటారు.

మేమే దంచిన ముక్కల్లో బెర్బెరిన్ 1.1 శాతం, పాల్మటిన్ 0.5, ఫెల్లోడెండ్రిన్ 0.2. అచ్చమైన, ఆరోగ్యమైన గువాన్ బెరడు. ఆ పేరుతో అమ్మితే హాయిగా పాసయ్యేది. క్లయింట్ పొడిలో పాల్మటిన్ 0.5, ఫెల్లోడెండ్రిన్ 0.2, అక్షరాలా అవే. బెర్బెరిన్ ఒక్కటే 3.3.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది, దాన్ని దాటకుండా ముందుకు పోకూడదు. బెర్బెరిన్ బాగా ఉన్న చువాన్ బెరడును గువాన్ బెరడుతో కలిపి ఉండొచ్చు కదా? మంచి చువాన్ బెరడులో ఐదు, ఆరు శాతం కూడా ఉంటుంది, సగంసగం కలిపితే సుమారు ఇదే అంకె వస్తుంది. కానీ అలా కలిపితే మిగతా రెండూ కదలాలి. చువాన్ రకంలో పాల్మటిన్ నామమాత్రమే కాబట్టి 0.5 సగానికి పడిపోవాలి, ఫెల్లోడెండ్రిన్ పైకి లేవాలి. రెండూ కదలలేదు. చెట్టు నుంచి వచ్చేది ఏదీ పెరగకుండా బెర్బెరిన్ మాత్రమే మూడింతలైంది.

మిగిలిన 2.2 శాతం

పొడిలోని 3.3కూ ముక్కల్లోని 1.1కూ తేడా 2.2 శాతం, అంటే కిలో బెరడు పొడికి 22 గ్రాముల బెర్బెరిన్ హైడ్రోక్లోరైడ్. చైనాలో అది విరేచనాల మాత్రగా మందుల షాపుల్లో దొరికే మామూలు సరుకు, టన్నుల్లో తయారవుతుంది. మొక్కల నుంచీ తీస్తారు, రసాయనిక సంశ్లేషణతోనూ చేస్తారు.

దీన్ని ఇంకో దారిలో కూడా పట్టుకోవాలనుకున్నాను, ఎందుకంటే ఇప్పటివరకు చూసినవన్నీ ఆల్కలాయిడ్ల వైపునుంచే. హైడ్రోక్లోరైడ్ ఉప్పులో క్లోరైడ్ బరువులో 9.5 శాతం దాకా ఉంటుంది. 2.2 శాతం కలిపి ఉంటే పొడిలో క్లోరైడ్ సుమారు 0.21 శాతం పెరగాలి. బెరడులో సహజంగానే కొంత క్లోరైడ్ ఉంటుంది, కాబట్టి పొడి అంకె ఒక్కటే చూస్తే ఏమీ తేలదు. మేం దంచిన ముక్కలను పక్కన పెట్టుకుని క్లోరైడ్ లాంటి అయాన్లను విడదీసి కొలిచే అయాన్ క్రోమటోగ్రఫీలో పోల్చాం. తేడా 0.2 శాతం చుట్టూనే వచ్చింది. ఈ బెరడుకు ఫార్మకోపియా చెప్పే పరీక్షల్లో ఇది ఉండదు, అవసరాన్నిబట్టి మనం కట్టుకునేదే.

ఆఖరున జల్లెడ. పొడిని సన్నని జల్లెడ పట్టి, దిగిందీ మిగిలిందీ విడిగా పరీక్షించాం. దిగిన సన్నపొడిలో బెర్బెరిన్ 5 శాతం దాటింది, పైన మిగిలిన ముతకలో 1.6. మెత్తటి కణజాలం తేలిగ్గా నలుగుతుంది కాబట్టి ఏ బెరడులోనైనా సన్నపొడిలో ఆల్కలాయిడ్ కాస్త ఎక్కువే ఉండొచ్చు. అందుకని మేం దంచిన ముక్కలనూ అలాగే జల్లించాం, అక్కడ తేడా ఏమంత లేదు. మొదట్లో డబ్బా పైనా కిందా రీడింగులు ఎందుకు ఊగాయో కూడా ఇక్కడే తెలిసింది. కలిపినవాళ్లు సరిగ్గా కలపలేదు. ప్రయాణంలో కుదుపులకు సన్నటి సూదులు ఒకచోట, ముతక నారలు ఒకచోట చేరాయి. బాగా కలిపే మిక్సర్ వాళ్ల దగ్గర ఉండుంటే బహుశా నేను అనుమానపడేవాణ్ణే కాదు.

కలిపిన బెర్బెరిన్ మొక్కదా, ఫ్యాక్టరీదా అన్నది తేలాలంటే కార్బన్-14 పరీక్ష చేయించాలి. పెట్రోలియం నుంచి వచ్చే ముడిసరుకులో రేడియోకార్బన్ ఎప్పుడో హరించుకుపోయి ఉంటుంది, నిన్నమొన్నటి మొక్కలో ఉంటుంది. క్లయింట్ ఆ ఖర్చు వద్దన్నారు. నేనూ బలవంతం చేయలేదు. ఏదైనా ఒకటే, లేబుల్ మీద రాయనిది లోపల ఉంది.

రిపోర్టు మీద గొడవ

క్లయింట్ పర్చేజ్ మేనేజర్ ఫోన్ చేశారు. మర్యాదస్తుడే, పైనుంచి ఒత్తిడి. "సార్, మేం అడిగింది అస్సే ఒక్కటే. అది పాసైంది. అదొక్కటి రాసిచ్చేయండి, మిగతావి మాకు నోటితో చెప్పారు కదా, చాలు" అన్నారు.

"అస్సే ఎంత వచ్చిందో అంతే రాస్తానండీ. కానీ ఆ అంకె పక్కన లేబుల్ పేరు రాయాలి కదా. ఇది ఆ చెట్టు కాదని తెలిశాక ఆ పేరు మీద సంతకం పెట్టలేను" అన్నాను.

ఆయన ఒక్క నిమిషం ఆగి, "మరి ఇది మనిషికి హాని చేస్తుందంటారా?" అని అడిగారు. మంచి ప్రశ్న. జవాబు మాత్రం ఆయన అనుకున్నంత సూటిగా లేదు. వాళ్ల క్యాప్సూల్ లెక్కలో రోజుకు ఒక గ్రాము పొడి పడుతుంది. అందులో బెర్బెరిన్ 11 మిల్లీగ్రాములకు బదులు 33 ఉంటుంది. చక్కెర వ్యాధి మీద జరిగిన అధ్యయనాల్లో బెర్బెరిన్‌ను పూటకు 500 మిల్లీగ్రాముల చొప్పున మూడు పూటలా ఇచ్చారు, అందులోనూ రక్తంలోకి చేరేది అతి స్వల్పం. కాబట్టి ఈ క్యాప్సూల్ వల్ల ఎవరికో ఏదో అయిపోతుందని నేను బెదిరించలేదు. భయపెట్టి రిపోర్టు ఒప్పించడం నాకు నచ్చదు.

కానీ అదే డ్రమ్ములోంచి ఇంకెవరో కషాయానికి 12 గ్రాములు తూస్తే, అప్పుడు బెర్బెరిన్ 130 మిల్లీగ్రాముల నుంచి దాదాపు 400కు పోతుంది. బాలింతకో, పసిబిడ్డకో ఇస్తే అది చిన్న సంగతి కాదు. రక్తంలో అల్బుమిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని ఉండే బిలిరుబిన్‌ను (కామెర్ల పసుపుకు కారణమైన పదార్థాన్ని) బెర్బెరిన్ విడదీస్తుంది, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న శిశువుకు కామెర్లు మెదడుకెక్కే ప్రమాదం ఉంది. ఈ భయంతోనే సింగపూర్ 1978లో బెర్బెరిన్ ఉన్న మూలికల మీద నిషేధం పెట్టింది, చాలా ఏళ్ల తర్వాతగానీ ఎత్తేయలేదు. కిడ్నీ మార్పిడి అయి, ఒళ్లు దాన్ని తిప్పికొట్టకుండా సైక్లోస్పోరిన్ వాడేవాళ్లలో బెర్బెరిన్ ఆ మందు స్థాయిని పెంచుతుంది. బెరడు మోతాదు శతాబ్దాల వాడుకలో కుదిరింది. 22 గ్రాములు కలిపినవాడు దాన్ని ఎవరికీ చెప్పకుండా మార్చాడు.

రిపోర్టులో అస్సే 3.3 శాతం అనే రాశాం. ఐడెంటిటీ కింద 'లేబుల్‌లోని జాతితో సరిపోలడం లేదు, ఫెల్లోడెండ్రాన్ అమ్యూరెన్స్ బెరడుకు అనుగుణంగా ఉంది' అని, రిమార్కుల్లో 'బయటి నుంచి బెర్బెరిన్ ఉప్పు చేర్చినట్టు ఆధారాలు ఉన్నాయి' అని, ఒక్కో ఆధారానికి క్రోమటోగ్రామ్, ఫోటో జతచేసి ఇచ్చాం. 'కల్తీ' అన్న మాట వాడలేదు, అది మా పని కాదు. క్లయింట్ లాట్‌ను రిజెక్ట్ చేశారు. మధ్యవర్తి నుంచి వచ్చిన ఈమెయిల్‌ను మాకూ పంపారు. ఖండన లేదు, క్షమాపణా లేదు. మీ ఆర్డర్‌లో అడిగింది మూడు శాతం బెర్బెరిన్, మేం ఇచ్చింది మూడు శాతం బెర్బెరిన్ అని రాసి ఉంది.

ఆ మాటలో నిజం లేకపోలేదని క్లయింట్‌తో అన్నాను, ఆయనకు రుచించలేదు. గువాన్ బెరడుకు ఏ దోషమూ లేదు. దాని హద్దు 0.60, అది తన హద్దును దాటింది. ఆర్డర్‌లో చెట్టు పేరు అలంకారంగా, అంకె షరతుగా రాసినప్పుడు సరుకు అంకె చుట్టూ తయారవుతుంది. సహజంగా 1.1 ఉన్నదాన్ని 3.0 దాటించే దారి ఒకటే. సప్లిమెంట్ వ్యాపారంలో బెర్బెరిన్‌కు 2023 నుంచి బరువు తగ్గించే మందుగా సోషల్ మీడియాలో పేరొచ్చాక, బెరడు కొనేవాళ్లు కూడా దాన్ని బెరడుగా చూడటం మానేశారు.

అడవి వైపు నుంచి కూడా ఒక మాట. ఈ రెండు చెట్లూ చైనా రక్షిత మొక్కల జాబితాలో రెండో తరగతిలో ఉన్నాయి. బెరడు కోసం చుట్టూ ఒలిచేస్తే చెట్టు చచ్చిపోతుంది. లోపలి పొర గాయపడకుండా, తేమ ఉన్న రోజుల్లో ఒలిస్తే బెరడు మళ్లీ కడుతుందని అక్కడి పరిశోధకులు చూపించారు, తోటల్లో అలా చేసేవాళ్లున్నారు. దానికి ఓపిక కావాలి, చెట్టుకు పదేళ్లు పైబడి వయసుండాలి.

క్లయింట్ కొత్త స్పెసిఫికేషన్ రాయమని అడిగితే కూర్చుని రాశాం. పొడిగా కొనకూడదు, ముక్కలుగానే తెప్పించి ఇక్కడ దంచుకోవాలి. ఖర్చు కాస్త పెరుగుతుంది, అయినా ఈ ఒక్క షరతే సగం తలనొప్పి తీరుస్తుంది. బెర్బెరిన్‌తో పాటు ఫెల్లోడెండ్రిన్ కనీస హద్దు, పాల్మటిన్ గరిష్ఠ హద్దు పెట్టాం. లిక్విడ్ పారాఫిన్ స్లైడ్‌లో విడి స్పటికాలు ఉండకూడదు. డ్రమ్ము పైన, మధ్య, అడుగు శాంపిళ్ల మధ్య తేడాకు ఒక హద్దు. క్లోరైడ్ పరీక్ష అనుమానం వచ్చినప్పుడు మాత్రమే.

బదులుగా వచ్చిన లాట్ మరో సరఫరాదారుడిది, ముక్కలుగా వచ్చింది. బెండు శుభ్రంగా తీసిన, గోధుమ ఛాయ ఉన్న పలచటి బెరడు. బెర్బెరిన్ 3.9, ఫెల్లోడెండ్రిన్ 0.4, పాల్మటిన్ లెక్కలోకి రానంత. తేమ 12 శాతం లోపే, బూడిద 8 లోపే. హెవీ మెటల్స్, పురుగుమందుల అవశేషాల ఫలితాలు ఇంకా రావాలి, అవి వచ్చేదాకా సరుకు క్వారంటైన్‌లోనే ఉంటుంది.